డిస్‌ప్లే భాష తెలుగుకు మారిస్తే కొన్ని ప్రోగ్రాములే మారాయి: ఎక్కడ ఆగిందో పరీక్షించడం ఎలా?

కొత్తచిగురు

డెబియన్ కుటుంబానికి చెందిన లినక్స్ డిస్ట్రో, గ్నోమ్ డెస్క్‌టాప్. సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకు మార్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ చేశాక పరిస్థితి ఇది:

పై పట్టీలో వారం, నెల పేర్లు తెలుగులో వస్తున్నాయి. ఫైల్స్, సెట్టింగ్స్ పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉన్నాయి. రెండు మూడు చిన్న ప్రోగ్రాములు మాత్రం పూర్తిగా తెలుగులోకి మారాయి. బ్రౌజర్‌లో ఏ మార్పూ లేదు. టెర్మినల్లో లాంగ్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8 అని ముందు పెట్టి నాటిలస్ (ఫైల్స్ ప్రోగ్రామే) నడిపినా ఇంగ్లిష్ కిటికీయే తెరుచుకుంటోంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనే సలహా వద్దు. ఏ మెట్టు దగ్గర ఆగిందో ఒక్కొక్కటిగా తేల్చుకునే పద్ధతి కావాలి. పరీక్షిస్తున్నంతసేపూ రోజువారీ ఖాతా చెడకూడదు.

నుడికారం

ముందుగా ఒక మాట. ఈ చర్చలో ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాం. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టాలి. లాంగ్, లాంగ్వేజ్ అనేవి రెండు వేర్వేరు వేరియబుళ్లు (ప్రోగ్రాములకు అమరికలు అందించే పేర్లు), రెండూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. గందరగోళంలో సగం ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే.

తెర మీద తెలుగు కనబడాలంటే నాలుగు మెట్లు కుదరాలి: లొకేల్ (భాష, ప్రాంతాలకు తగిన అమరికల కట్ట) తయారై ఉండాలి, ఆ ప్రోగ్రాముకు అనువాద ఫైల్ డిస్కు మీద ఉండాలి, వేరియబుల్ ఆ ప్రోగ్రాము దాకా చేరాలి, అక్షరాలు గీయడానికి ఫాంటు ఉండాలి. మీకు తేదీ తెలుగులో వచ్చిందంటే మొదటిదీ నాలుగోదీ బాగానే ఉన్నట్టు. వారాల, నెలల పేర్లు లొకేల్ నుంచే వస్తాయి, వాటికి అనువాద ఫైలుతో పనిలేదు.

అయినా ఒకసారి లొకేల్ -ఎ కొట్టి చూడండి. జాబితాలో టీఈ_ఐఎన్, టీఈ_ఐఎన్.యూటీఎఫ్8 కనబడాలి. లేకపోతే /ఈటీసీ/లొకేల్.జెన్ ఫైల్లో తెలుగు వరుస ముందున్న # తీసేసి, స్యూడోతో లొకేల్-జెన్ నడపాలి. ఇక్కడ చాలామంది తడబడతారు: ఆ ఫైల్లో టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8 అని వెతికితే దొరకదు. తెలుగు వరుస «టీఈ_ఐఎన్ యూటీఎఫ్-8» అని ఉంటుంది, మధ్యలో చుక్క కాదు, ఖాళీ. తెలుగుకు పాత ఎన్‌కోడింగ్ ఏదీ ఆ జాబితాలో లేదు కాబట్టి పేరు పక్కన యూటీఎఫ్ తగిలించలేదు.

లొకేల్ తయారు కాకుండానే లాంగ్ పెట్టేస్తే ప్రోగ్రాము చప్పుడు చేయకుండా సీ లొకేల్‌కు, అంటే ఇంగ్లిష్ చూపే మూల అమరికకు, జారిపోతుంది. సీ లొకేల్లో ఉన్నప్పుడు లాంగ్వేజ్ వేరియబుల్‌ను అసలు పట్టించుకోదు. అన్నీ సరిగ్గా పెట్టినట్టే ఉండి ఇంగ్లిష్ కదలకపోతే నేను మొదట చూసేది ఇదే. పక్కన ఇంకేమీ చేర్చకుండా లొకేల్ అని కొట్టినప్పుడు «కెనాట్ సెట్» అంటూ హెచ్చరిక వస్తే కారణం దొరికినట్టే.

చుక్కాని

మూడో మెట్టు గురించి. సందేశాల భాషకు గెట్‌టెక్స్ట్ (ప్రోగ్రాములకు అనువాదాలు వెతికి ఇచ్చే వ్యవస్థ) చూసే వరుస ఇది: మొదట లాంగ్వేజ్, తర్వాత ఎల్‌సీ_ఆల్, తర్వాత ఎల్‌సీ_మెసేజెస్, చివరకు లాంగ్. అంటే లాంగ్వేజ్‌లో ఏదైనా ఉంటే, మీరు లాంగ్‌లో తెలుగు పెట్టినా సందేశాల విషయంలో దాని మాట చెల్లదు. తేదీ, అంకెలు, అక్షర క్రమం మాత్రం లాంగ్వేజ్‌తో సంబంధం లేకుండా ఎల్‌సీ_టైమ్ వంటివాటినీ, అవి లేకపోతే లాంగ్‌నూ అనుసరిస్తాయి. «తేదీ తెలుగు, మెనూలు ఇంగ్లిష్» అనే మీ లక్షణం అచ్చంగా దీన్నే పోలి ఉంది.

లాంగ్వేజ్‌లో విలువ ఒకటే ఉండనక్కర్లేదు, అది కోలన్లతో విడదీసిన జాబితా. టీఈ:హెచ్ఐ:ఈఎన్ అంటే తెలుగు లేకపోతే హిందీ, అదీ లేకపోతే ఇంగ్లిష్. ఇందులో ఒక గోతి ఉంది. ఈఎన్:టీఈ అని పెడితే ఇంగ్లిష్ వస్తుందని అందరూ అనుకుంటారు, కానీ ఎక్కువ ప్రోగ్రాములు తెలుగులోకి మారతాయి. ప్రోగ్రాము మూలంలోనే వాక్యాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి «ఈఎన్» పేరుతో అనువాద ఫైల్ సాధారణంగా ఉండదు. గెట్‌టెక్స్ట్ ఈఎన్ కోసం వెతుకుతుంది, దొరకదు, జాబితాలో తర్వాతి భాష తెలుగు దొరుకుతుంది, దాన్ని వాడేస్తుంది.

ఈఎన్_జీబీ:ఈఎన్:టీఈ అని ఉంటే ఇంకా వింత. బ్రిటిష్ ఇంగ్లిష్ అనువాదం ఉన్న ప్రోగ్రాములు ఇంగ్లిష్‌లో, లేనివి తెలుగులో కనబడతాయి. గ్నోమ్ ప్రోగ్రాముల్లో చాలావాటికి ఈఎన్_జీబీ అనువాదం ఉంది.

కొత్తచిగురు గారూ, ఎకో $లాంగ్వేజ్ కొట్టి ఏమొస్తుందో ఇక్కడ పెట్టండి.

గడియారం

టెర్మినల్ నుంచి నాటిలస్ నడిపినా మారకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని విడిగా తేల్చాలి. నాటిలస్, టెక్స్ట్ ఎడిటర్, గ్నోమ్ టెర్మినల్ ఒక్కొక్కటీ ఒకే ప్రాసెస్‌గా నడుస్తాయి. రెండోసారి పిలిస్తే కొత్త ప్రాసెస్ పుట్టదు. «ఇంకో కిటికీ తెరువు» అనే కబురు డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీదుగా పాతదానికి వెళుతుంది, మీరు ముందు పెట్టిన వేరియబుల్ ఆ పాత ప్రాసెస్‌కు చేరదు. గ్నోమ్ టెర్మినల్ కిటికీలన్నిటి వెనకా గ్నోమ్-టెర్మినల్-సర్వర్ ఒక్కటే ఉంటుంది, మెనూల భాష దానిది.

కాబట్టి నాటిలస్ -క్యూ అని పాతదాన్ని ముందు మూసేసి, ఆ తర్వాత పరీక్షించండి. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి:

డీబస్-రన్-సెషన్ -- ఈఎన్‌వీ లాంగ్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8 లాంగ్వేజ్=టీఈ నాటిలస్

ఇది తాత్కాలికంగా వేరే డీ-బస్‌ను లేపి అందులో ప్రోగ్రామును నడుపుతుంది. పాత ప్రాసెస్ జోక్యం ఉండదు, మూసేయగానే అంతా పోతుంది, మీ సెట్టింగుల్లో భాష మారదు. ఒక్క ప్రోగ్రాముకు తెలుగు పరీక్షించాలంటే నేను ఇదొక్కటే వాడమంటాను.

నడుస్తున్న ప్రాసెస్‌కు నిజంగా ఏ భాష అందిందో ఊహించనక్కర్లేదు, కెర్నెలే చెబుతుంది. పీగ్రెప్‌తో ప్రాసెస్ సంఖ్య పట్టుకుని /ప్రాక్/ఆ సంఖ్య/ఎన్విరాన్ ఫైల్ చదవండి. అందులో వేరియబుళ్ల మధ్య సున్నా బైట్లు ఉంటాయి, టీఆర్ ఆదేశంతో వాటిని కొత్త వరుసలుగా మార్చి, గ్రెప్‌తో లాంగ్, ఎల్‌సీ_ ఉన్న వరుసలు ఏరుకోవాలి. సెట్టింగ్స్ ప్యానెల్ ఏం చూపినా ఈ ఫైల్లో ఉన్నదే ఖరారు.

సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రాము) యూజర్ సర్వీసులుగా మొదలయ్యే ప్రోగ్రాములకు సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ షో-ఎన్విరాన్‌మెంట్ కూడా చూడండి. ఖాతాకు లింగర్ (లాగౌట్ తర్వాతా ఖాతా సర్వీసులు నడిచే అమరిక) పెట్టి ఉంటే లాగౌట్ చేసినా యూజర్ మేనేజర్ చావదు, పాత భాషతోనే కొనసాగుతుంది. అప్పుడు రీబూట్ చేయడమే తేలిక.

కొత్తచిగురు

లొకేల్ -ఎ లో రెండు పేర్లూ ఉన్నాయి, హెచ్చరిక లేదు.

ఎకో $లాంగ్వేజ్ ఇచ్చింది: ఈఎన్_జీబీ:ఈఎన్:టీఈ

నాటిలస్ ఎన్విరాన్ ఫైల్లోనూ అదే ఉంది. గడియారం గారి డీబస్-రన్-సెషన్ పద్ధతిలో నాటిలస్ తెలుగులో తెరుచుకుంది, కానీ అందులోనూ అక్కడక్కడా ఇంగ్లిష్ మాటలు మిగిలాయి. ఈ లాంగ్వేజ్ విలువ ఎక్కడి నుంచి వస్తోంది?

చుక్కాని

వెతకాల్సిన చోట్లు: /ఈటీసీ/డీఫాల్ట్/లొకేల్, /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్, హోమ్‌లో .ప్రొఫైల్, .పామ్_ఎన్విరాన్‌మెంట్. పాత ఉబుంటు విడుదలలు భాష ఎంపికను .పామ్_ఎన్విరాన్‌మెంట్‌లోనే రాసేవి. అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన ఖాతాల్లో ఆ ఫైలు మిగిలిపోయి ఉంటుంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లన్నిట్లో గ్రెప్‌తో లాంగ్వేజ్ అని వెతికితే నిమిషంలో తేలిపోతుంది. .బాష్ఆర్‌సీ లో ఉంటే మాత్రం అది టెర్మినల్ లోపలికే పరిమితం, డెస్క్‌టాప్ మెనూలకు తగలదు.

దొరికిన వరుసను వేరే విలువతో నింపకుండా తీసేయండి. డెస్క్‌టాప్ పెట్టే విలువను మధ్యలో ఎవరూ తిరగరాయకపోవడం మేలు.

నుడికారం

«అక్కడక్కడా ఇంగ్లిష్ మాటలు»: ఇది వేరే సమస్య, రెండో మెట్టుది. ప్రోగ్రాము మొత్తంగా ఇంగ్లిష్‌లో ఉంటే వేరియబులో, అనువాద ఫైలో అందలేదని అర్థం. ఒకే కిటికీలో రెండు భాషలు కలిసి ఉంటే అనువాదం అసంపూర్తిగా ఉందని అర్థం. గెట్‌టెక్స్ట్ ఒక్కో వాక్యాన్నీ విడిగా వెతుకుతుంది, దొరకనిదాన్ని మూలంలో ఉన్నట్టే చూపిస్తుంది.

ఒక కిటికీలోని మాటలన్నీ ఒకే ఫైల్ నుంచి రావు కూడా. ఫైల్ తెరిచే డైలాగులోని బటన్లు జీటీకే (గ్నోమ్ కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) సొంత అనువాదం నుంచి వస్తాయి, పక్కన ఉన్న మెనూ ప్రోగ్రాము అనువాదం నుంచి. లాంచర్‌లో కనబడే పేరు .డెస్క్‌టాప్ ఫైల్లో «నేమ్[టీఈ]=» అనే వరుస నుంచి. అందుకే లోపల తెలుగు ఉన్నా లాంచర్‌లో పేరు ఇంగ్లిష్‌లో ఉండొచ్చు.

అనువాద ఫైళ్లు /యూఎస్ఆర్/షేర్/లొకేల్/టీఈ/ఎల్‌సీ_మెసేజెస్ లో .ఎంఓ అనే తోకతో ఉంటాయి. ఉబుంటు వాటిని విడదీసి భాషా ప్యాకుల్లో పెడుతుంది, అప్పుడు లొకేల్-లాంగ్‌ప్యాక్ అనే పక్క డైరెక్టరీలో చూడాలి. ప్యాకేజీలు: ఉబుంటులో లాంగ్వేజ్-ప్యాక్-టీఈ, లాంగ్వేజ్-ప్యాక్-గ్నోమ్-టీఈ. ఇంకేం కావాలో చెక్-లాంగ్వేజ్-సపోర్ట్ -ఎల్ టీఈ చెబుతుంది. డెబియన్‌లో టాస్క్-తెలుగు, టాస్క్-తెలుగు-డెస్క్‌టాప్. ఫెడోరాలో లాంగ్‌ప్యాక్స్-టీఈ, జీలిబ్‌సీ-లాంగ్‌ప్యాక్-టీఈ.

ప్రోగ్రాము ఏ ఫైల్ కోసం వెతుకుతోందో కళ్లారా చూడాలంటే ఎస్‌ట్రేస్‌లో ఓపెన్‌ఎట్ పిలుపులు (ఫైల్ తెరవమని ప్రోగ్రాము కెర్నెల్‌ను అడిగేవి) మాత్రమే పట్టి, అందులో .ఎంఓ ఉన్న వరుసలు ఏరండి. టీఈ_ఐఎన్ డైరెక్టరీలో వెతికి, లేదనుకుని, టీఈ లో వెతకడం వరుసగా కనబడుతుంది. ఫైల్ దొరికాక అందులో ఎన్ని వాక్యాలకు అనువాదం ఉందో ఎంఎస్‌జీఅన్‌ఎఫ్ఎంటీ తో విప్పి చూడొచ్చు.

మినిమల్ ఇన్‌స్టాళ్లలో ఇంకో చిక్కు. కొన్ని చిన్న ఇమేజుల్లో డీపీకేజీ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము) అమరికలోనే లొకేల్ డైరెక్టరీని మినహాయిస్తారు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినట్టే చూపిస్తుంది, .ఎంఓ ఫైళ్లు మాత్రం డిస్కు మీదకు రావు. /ఈటీసీ/డీపీకేజీ/డీపీకేజీ.సీఎఫ్‌జీ.డీ లో పాత్-ఎక్స్‌క్లూడ్ వరుసలు చూసి, తీసేసి, ఆ ప్యాకేజీని --రీఇన్‌స్టాల్ చేయాలి. లొకేల్‌పర్జ్ (అక్కర్లేని భాషల ఫైళ్లను తుడిచేసే ప్రోగ్రాము) వాడిన మెషీన్లలోనూ ఇదే కథ.

ఎల్ఎస్, సీపీ లాంటి ఆదేశాల దోష సందేశాలతో తెలుగును పరీక్షించకండి. ఆ ప్యాకేజీకి తెలుగు ఫైల్ ఉందో లేదో ముందు చూసుకోకపోతే, సిస్టమ్ బాగున్నా చెడిందనుకుంటారు. తేదీ ఆదేశమే నమ్మదగ్గది: ఎల్‌సీ_ఆల్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8 డేట్.

వట్రసుడి

నాలుగో మెట్టు బాగుందని అప్పుడే అనేయకండి. తేదీలో వచ్చే మాటలు తేలికైనవి. పరీక్షకు ఈ నాలుగూ వాడండి: స్త్రీ, రాష్ట్రం, కృష్ణ, దుఃఖం. ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు, వట్రసుడి, విసర్గ అన్నీ తేలిపోతాయి.

చూడాల్సింది కింది అంచు. మెనూ వరుస ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలను బట్టి బిగిస్తే «రాష్ట్రం»లో ట ఒత్తు కనబడి, దాని పక్కన దిగాల్సిన ర ఒత్తు కొస తెగిపోతుంది. బటన్లలో కంటే జాబితా వరుసల్లో, పట్టికల్లో ఇది ఎక్కువ. ఫాంటు మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఏ ఫాంటు వాడుతోందో ఎఫ్‌సీ-మ్యాచ్ సాన్స్:లాంగ్=టీఈ చెబుతుంది, మెషీన్లో ఉన్న తెలుగు ఫాంట్లన్నీ ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ చూపిస్తుంది. ఇష్టమైన ఫాంటును హోమ్‌లోని .కాన్ఫిగ్/ఫాంట్‌కాన్ఫిగ్/ఫాంట్స్.కాన్ఫ్ లో తెలుగుకు మాత్రమే ముందు నిలపొచ్చు. డెబియన్‌లో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలు ఉన్నాయి. పోతన2000, వేమన2000 రెండోదాంట్లో వస్తాయి.

అనువాదాలు చేసేవారికి ఇంకొకటి. «సెట్టింగ్‌లు», «సెట్టింగ్లు»: ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో పొల్లు తర్వాత యూ+200సీ అనే కనబడని అక్షరం ఉంది, అందుకే గ్ మీద పొల్లు నిలిచి, లు విడిగా వచ్చింది. రెండోదాంట్లో అది లేదు, ల వెళ్లి గ కింద ఒత్తుగా కూర్చుంది. రెండోది కనబడితే ఫాంటును తప్పుపట్టకండి, .పీఓ ఫైల్లోనే (అనువాదకులు రాసే మూల ఫైల్) ఆ అక్షరం లేకుండా పోయింది. కొన్ని ఎడిటర్లు, కొన్ని శుభ్రపరిచే స్క్రిప్టులు కనబడని అక్షరాలన్నిటినీ చెత్త అనుకుని తీసేస్తాయి. భాషను మార్చి పరీక్షించే ప్రతిసారీ వెతకాల్సిన దోషం ఇది, ఎందుకంటే .పీఓ ఫైల్లో చదివితే కంటికి ఆనదు, మెనూలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పొరలు

టెర్మినల్ సంగతి కూడా చెప్పండి వట్రసుడి గారూ. డెస్క్‌టాప్ అంతా తెలుగులో చక్కగా ఉన్నా టెర్మినల్లో ఒత్తులు చెదిరిపోతాయి కదా.

వట్రసుడి

టెర్మినల్ తెరను సమాన వెడల్పు గళ్లుగా కోస్తుంది. తెలుగు అక్షరం ఒక గడికి సరిపోదు, రెండు గళ్లకూ కొలత కుదరదు. గ్నోమ్ టెర్మినల్ వాడే వీటీఈ లైబ్రరీలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఫాంటు మార్చి లాభం లేదు.

కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 తో వచ్చే కన్సోల్ ఇంకా కష్టం. కెర్నెల్ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 బొమ్మలే పడతాయి, ఒత్తులను కూర్చే యంత్రాంగం అసలు లేదు. తెలుగు సందేశాలన్నీ డబ్బాలుగా కనబడతాయి. డెస్క్‌టాప్ తెరుచుకోనప్పుడు దిక్కు ఆ కన్సోలే, అక్కడ చదవలేకపోతే పని ఆగిపోతుంది. అందుకని .ప్రొఫైల్ చివర ఒక షరతు పెట్టండి: టర్మ్ విలువ «లినక్స్» అయితే లాంగ్‌ను సీ.యూటీఎఫ్-8 చేసి, లాంగ్వేజ్‌ను అన్‌సెట్ చేయాలి. గ్రాఫికల్ సెషన్‌కు ఇది తగలదు.

చుక్కాని

ఇంగ్లిష్ దోష సందేశం కావాల్సి వస్తే, అంటే వెతకడానికో, బగ్ నివేదికకో, ఆదేశం ముందు ఎల్‌సీ_ఆల్=సీ పెట్టండి. ఎల్‌సీ_ఆల్=ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8 పెడితే సరిపోదు, లాంగ్వేజ్=టీఈ ఉన్నంతవరకు తెలుగే వస్తుంది. అయితే ఎల్‌సీ_ఆల్=సీ తో ఎల్ఎస్ కొడితే తెలుగు ఫైల్ పేర్లు \340\260 లాంటి అంకెల గుంపులుగా మారతాయి. పేర్లు చదవాలంటే ఎల్‌సీ_ఆల్=సీ.యూటీఎఫ్-8 పెట్టి, పక్కనే లాంగ్వేజ్= అని ఖాళీగా వదలండి.

ఏ ఆదేశం ఇచ్చే మాటలనైనా కోసి వాడుకునే స్క్రిప్టులుంటే వాటి మొదటి వరుసల్లో ఎల్‌సీ_ఆల్=సీ ఉందో లేదో భాష మార్చే ముందే చూసుకోండి. నెల పేరును ఇంగ్లిష్‌లో ఆశించే బ్యాకప్ స్క్రిప్టు తెలుగు తేదీ రాగానే తప్పు ఫోల్డరులో రాస్తుంది, పైకి ఏ దోషమూ చూపదు.

ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) విషయం: డెబియన్ క్లయింటు లాంగ్, ఎల్‌సీ_ వేరియబుళ్లను అవతలి సర్వరుకు పంపేలా అమర్చి ఉంటుంది. అక్కడ టీఈ_ఐఎన్ తయారై లేకపోతే పెర్ల్ «సెట్టింగ్ లొకేల్ ఫెయిల్డ్» అని ప్రతిసారీ మొత్తుకుంటుంది. సర్వరులో ఏమీ చెడలేదు. మీ వైపు క్లయింటు అమరికలో సెండ్‌ఎన్వ్ వరుసను ఆపేస్తే చాలు.

పొరలు

గ్నోమ్ బదులు కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ వాడేవారి కోసం. భాష, ఫార్మాట్లు అక్కడ విడివిడి ఎంపికలు, రెండూ హోమ్‌లోని .కాన్ఫిగ్/ప్లాస్మా-లొకేల్ఆర్‌సీ లో పడతాయి. ట్రాన్స్‌లేషన్స్ విభాగంలో లాంగ్వేజ్ వరుస, ఫార్మాట్స్ విభాగంలో లాంగ్ వరుస. పరీక్షకు మొత్తం సెషన్ మార్చనక్కర్లేదు: కేడీఈ ప్రోగ్రాముల హెల్ప్ మెనూలో భాషను ఎంచుకునే వరుస ఉంటుంది, ఆ ఒక్క ప్రోగ్రాముకే వర్తిస్తుంది.

ఫ్లాట్‌పాక్ (డిస్ట్రో ప్యాకేజీలతో సంబంధం లేకుండా ఇన్‌స్టాల్ అయ్యే) ప్రోగ్రాములకు సిస్టమ్ భాషా ప్యాకులు అందవు. అనువాదాలు వాటి సొంత లొకేల్ పొడిగింపులో ఉంటాయి, అందులోనూ అమరికలో ఉన్న భాషలవే దిగుతాయి. ఫ్లాట్‌పాక్ కాన్ఫిగ్ --సెట్ లాంగ్వేజెస్ "టీఈ;ఈఎన్" అని పెట్టి, ఫ్లాట్‌పాక్ అప్‌డేట్ చేయాలి. రెండోది మరిచిపోతే ఏమీ మారదు.

ఫైర్‌ఫాక్స్ గెట్‌టెక్స్ట్ వాడదు, దానికి సొంత భాషా ప్యాకు కావాలి, సెట్టింగ్స్‌లో జనరల్ కింద భాష దగ్గర ఎంచుకోవాలి. ఎబౌట్:కాన్ఫిగ్‌లో ఐఎన్‌టీఎల్.లొకేల్.రిక్వెస్టెడ్ విలువను ఖాళీ స్ట్రింగ్ చేస్తే సిస్టమ్ భాషను అనుసరిస్తుంది. క్రోమియం లినక్స్‌లో లాంగ్వేజ్, లాంగ్ చూసుకుని మారుతుంది. లిబ్రేఆఫీస్‌కు లిబ్రేఆఫీస్-ఎల్10ఎన్-టీఈ వేసి, ఆప్షన్స్‌లో భాషల కింద యూజర్ ఇంటర్‌ఫేస్ చూడండి.

గడియారం

భాష మార్చాక మొదటి లాగిన్‌లో ఒక డైలాగు వస్తుంది: డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల పేర్లు కొత్త భాషలోకి మార్చాలా అని. పాత పేర్లే ఉంచండి. పేర్లు మారిస్తే వాటి దారి రాసిపెట్టుకున్న స్క్రిప్టులు, బ్యాకప్ అమరికలు, సమకాలీకరణ అన్నీ తప్పుతాయి. పైగా కన్సోల్‌లో ఆ పేరు టైప్ చేయడానికి కూడా దారి ఉండదు. పొరపాటున మార్చేసి ఉంటే లాంగ్వేజ్ ఖాళీగా పెట్టి, లాంగ్=సీ తో ఎక్స్‌డీజీ-యూజర్-డిర్స్-జీటీకే-అప్‌డేట్ నడిపితే ఇంగ్లిష్ పేర్లకు తిప్పమంటారా అని మళ్లీ అడుగుతుంది.

కీబోర్డు వేరు, డిస్‌ప్లే భాష వేరు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కూడా చేర్చుకుంటే జాబితాలో ఇంగ్లిష్‌ను మొదట ఉంచండి. లేకపోతే లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ తెలుగు అక్షరాల్లో పడుతుంది, చుక్కలే కనబడతాయి కాబట్టి ఎందుకు తప్పంటోందో తెలియదు.

వెనక్కి రావడం ముందే నేర్చుకోండి. కన్సోల్‌లోకి వెళ్లి డెబియన్ కుటుంబంలో స్యూడో అప్‌డేట్-లొకేల్ లాంగ్=ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8, మిగతా చోట్ల లొకేల్‌సీటీఎల్ సెట్-లొకేల్. ఇది మొత్తం సిస్టమ్‌కు. గ్నోమ్‌లో ఒక్కో ఖాతా ఎంపిక /వార్/లిబ్/అకౌంట్స్‌సర్వీస్/యూజర్స్ లో ఖాతా పేరుతో ఉన్న ఫైల్లో ఉంటుంది, లాంగ్వేజ్ లేదా లాంగ్వేజెస్ అనే వరుస అక్కడ మార్చాలి. అన్నిటికంటే క్షేమం: స్యూడో యాడ్‌యూజర్‌తో పరీక్షకొక ఖాతా తెరిచి, భాషను అందులోనే మార్చడం. కొత్త ఖాతాలో పాత .ప్రొఫైల్ చెత్త కూడా ఉండదు, కాబట్టి లోపం సిస్టమ్‌దా, మీ హోమ్ డైరెక్టరీదా అనేది అక్కడే తేలిపోతుంది.

కొత్తచిగురు

కొత్త ఖాతాలో ఫైల్స్, సెట్టింగ్స్ మొదటి లాగిన్‌లోనే తెలుగులో వచ్చాయి. అంటే లోపం పాత హోమ్‌లోదే. గ్రెప్‌తో వెతికితే .ప్రొఫైల్ చివర ఎక్స్‌పోర్ట్ లాంగ్వేజ్=ఈఎన్_జీబీ:ఈఎన్:టీఈ ఉంది. ఆ వరుస తీసేసి, వట్రసుడి గారి కన్సోల్ షరతు చేర్చి, రీబూట్ చేశాను. ఎన్విరాన్ ఫైల్లో ఇప్పుడు లాంగ్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8 ఉంది, ఈఎన్_జీబీ లేదు. కన్సోల్ ఇంగ్లిష్‌లో, డెస్క్‌టాప్ తెలుగులో ఉన్నాయి. బ్రౌజర్‌కు భాషా ప్యాకు వేశాక అదీ మారింది.

ఒకటి మిగిలింది: ఒక ప్రోగ్రాము మెనూలో «ఫైల్ను» అని, న ఒత్తు ల కిందకు చేరి కనబడుతోంది.

వట్రసుడి

అది యూ+200సీ లోపమే. ఆ ప్రోగ్రాము .పీఓ ఫైల్ తెచ్చుకుని, ల్ తర్వాత ఆ అక్షరం చేర్చి, ఎంఎస్‌జీఎఫ్ఎంటీ --చెక్ తో .ఎంఓ తయారుచేసి, లొకేల్ డైరెక్టరీలో పాతదాని స్థానంలో పెట్టి చూడండి. పాతదానికి నకలు ఉంచుకోండి. కిటికీలో «ఫైల్‌ను» అని సరిగ్గా పడితే, ఆ మార్పును ప్రోగ్రాము అనువాద బృందానికి పంపండి. లేకపోతే తర్వాతి అప్‌డేట్ మీ ఫైలును చెరిపేస్తుంది.